ఫాదర్లకు పెళ్ళి ఎందుకుండదు?

రాప్తాడు చుట్టుపక్కల పల్లెల్లో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) ఫాదర్ అంటే విన్సెంట్ ఫెర్రరే. ఆయన భార్య ఆన్ ఫెర్రర్. ఈ మాట వినగానే పిల్లలకు అనుమానం వస్తుంది: 'ఫాదర్లు పెళ్ళి చేసుకోరు కదా, మరి ఈయనెట్లా చేసుకున్నాడు?' అడగాల్సిన ప్రశ్నే. ఓపిగ్గా చూద్దాం.

బైబిల్ వద్దందా?

లేదు. పేతురు అత్తకు జ్వరం తగిలితే యేసు బాగుచేశాడని మార్కు సువార్తలో ఉంది. అత్త ఉందంటే పెళ్ళయినట్టే. పౌలు మాత్రం ఒంటరిగా ఉంటే దేవుని పనికి మనసు నిలుస్తుందన్నాడు. పెళ్ళి పాపం కాదని కూడా ఆయనే రాశాడు.

మరి కట్టుబాటు ఎట్లా వచ్చింది?

మెల్లమెల్లగా వచ్చింది. అగస్టీన్ (354-430) పెళ్ళి మంచిదేనంటూనే, కామానికి ఆదిపాపపు మచ్చ అంటిందన్నాడు. దాంతో బ్రహ్మచర్యానికి గౌరవం పెరిగింది. గురువులకు, అంటే ఫాదర్లకు, బిడ్డలుంటే చర్చి మాన్యాలు వాళ్ళ పాలవుతాయన్న భయమూ తోడైంది. చివరికి 1139లో కతోలికుల రెండో లాటరన్ మహాసభ గురువుల పెళ్ళిళ్ళు చెల్లవని తేల్చింది. తూర్పు సంఘాల్లో పెళ్ళయినవాళ్ళు నేటికీ గురువులవుతారు.

మన పాస్టరయ్యకు సంసారముందే?

ఆయన ప్రొటెస్టెంటు. ఆ సంఘాలకు ఆద్యుడైన మార్టిన్ లూథర్ 1525లో, మఠం విడిచివచ్చిన కాతరీనాను పెళ్ళాడాడు. సంసారం చేయడమూ దేవుడు అప్పగించిన పనేనన్నాడు. అందుకే ఆ చర్చిల్లో అయ్యగారి పక్కన అమ్మగారుంటారు. కతోలికులకు పెళ్ళి ఏడు పవిత్ర సంస్కారాల్లో ఒకటి. అయినా 1563లో ట్రెంట్ మహాసభ గురువుల బ్రహ్మచర్యాన్ని మళ్ళీ ఖాయం చేసింది.

ఫెర్రర్ ఏం చేశారు?

ఆయన 1952లో స్పెయిన్ నుంచి మన దేశానికి వచ్చిన జెసూట్ (కతోలిక సన్యాస సంఘ సభ్యుడు). బ్రహ్మచర్యం, పేదరికం, విధేయత పాటిస్తామని జెసూట్లు ప్రమాణం చేస్తారు. మహారాష్ట్రలోని మన్మాడ్‌లో రైతుల కోసం పనిచేస్తుండగా 1968లో దేశం విడవాల్సి వచ్చింది. మరుసటి ఏడే తిరిగొచ్చి అనంతపురం చేరారు. 1970లో జెసూట్ సంఘం నుంచి బయటికొచ్చి, ఇంగ్లండు పాత్రికేయురాలు ఆన్ పెర్రీని పెళ్ళాడారు. రెండూ దాచకుండా చేశారు. ఆ తర్వాత ఆలుమగలిద్దరూ కలిసి ఈ కరువునేలలో బావులు, ఇళ్ళు, బడులు, బత్తలపల్లి ఆసుపత్రి నిలబెట్టారు.

1970 తర్వాత ఆయన చర్చిలో గురువుగా లేరు. అయినా 2009లో కన్నుమూసేదాకా జనం ఫాదర్ అనే పిలిచారు, ఇప్పటికీ అట్లాగే తలుస్తారు. పిల్లలు అడిగినప్పుడు చర్చి కట్టుబాటు చెప్పండి, జనం పెట్టుకున్న ఆ పిలుపు గురించీ చెప్పండి.