కంట్రోలర్ పాతదే... బ్యాటరీ కొత్తది!

మొదటి జీతంతో కొన్న పీఎస్4 కంట్రోలర్ ఈమధ్య అరగంటకే చేతులెత్తేస్తోంది. తమ్ముడితో మ్యాచ్‌లో సరిగ్గా పెనాల్టీ టైమ్‌కి ఆఫ్! ఛార్జింగ్ పెట్టి ఆడదామంటే వైరు సోఫా దాకా రాదు.

కొత్తది కొనడమెందుకని బ్యాటరీ ఆర్డర్ పెట్టా. వెనక నాలుగు స్క్రూలు విప్పాక చూస్తే ప్లగ్గు దూరదే! తప్పు నాదే. డ్యూయల్‌షాక్ 4లో పాత మోడల్‌కి పెద్ద ప్లగ్గు, 2016లో వచ్చిన రెండో మోడల్‌కి చిన్నది. కెపాసిటీ మాత్రం రెండింటికీ 1000 ఎంఏహెచ్చే. ఆన్ చేసినప్పుడు టచ్‌ప్యాడ్ పై అంచున సన్నటి లైటు గీత కనిపిస్తే మీది రెండో మోడల్. ఇంజినీరింగ్ చదివి ఇదీ చూసుకోలేదా అని తమ్ముడి వెటకారం.

మళ్లీ సరైనది తెప్పించా. అసలు జాగ్రత్తంతా ఒక్కచోటే. పైభాగాన్నీ కిందిభాగాన్నీ కలుపుతూ లోపల పల్చటి రిబ్బన్ కేబుల్ ఉంటుంది. విసురుగా తెరిస్తే తెగుతుంది, ఇక ఛార్జింగే ఎక్కదు. బ్యాటరీ తీసేటప్పుడు కూడా వైర్లు పట్టి లాగొద్దు, ప్లగ్గునే పట్టుకోండి. పాతది ఉబ్బి ఉంటే నొక్కకండి, గుచ్చకండి. చెత్తబుట్టలో అసలే వేయకండి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇచ్చేయండి.

నిన్న రాత్రి ఆగకుండా మూడు మ్యాచ్‌లు ఆడాం. మూడూ తమ్ముడే గెలిచాడు. ఈసారి చెప్పుకోడానికి బ్యాటరీ వంక కూడా లేదు!