కూలికి రాని మనిషి ఎక్కడికి పోయాడు?

నాట్ల రోజుల్లో ఏ ఊరి అరుగు మీద కూర్చున్నా ఒక మాట వినపడుతుంది: "ఊరికే డబ్బులిస్తుంటే ఇంక కూలికి ఎవరొస్తారు?" ఈ మాటను కొట్టిపారేయకూడదు. అడగాల్సిన ప్రశ్నే అది. కాకపోతే జవాబు పరీక్షించి తెలుసుకోవాలి. మన దేశంలోనే అలాంటి పరీక్ష ఒకటి జరిగింది.

2011లో మధ్యప్రదేశ్‌లోని ఇండోర్ ప్రాంతంలో, యూనిసెఫ్ నిధులతో 'సేవ' మహిళా సంఘం ఎనిమిది ఊళ్లను తీసుకుంది. ఆ ఊళ్లలో కలిగినవాళ్లూ లేనివాళ్లూ అని చూడకుండా ప్రతి మనిషికీ డబ్బు. పెద్దవాళ్లకు నెలకు 200 రూపాయలు, పిల్లలకు 100. ఏడాది తర్వాత అది 300, 150 అయింది. ఇంటి యజమాని పేరున మొత్తం ఇచ్చేయలేదు. భర్తది భర్తకు, భార్యది భార్యకు, అత్తది అత్తకు, పిల్లలది తల్లికి. దేనికి ఖర్చుపెట్టారని ఎవరూ అడగరు.

అలాంటివే మరో 12 ఊళ్లను ఎంచుకుని, అక్కడ ఏమీ ఇవ్వకుండా గమనిస్తూ వచ్చారు. పోల్చడానికి ఇవి లేకపోతే, ఆ ఏడు వానలు బాగా పడి అందరి బతుకులూ కాస్త తెరిపిన పడితే, ఆ మంచంతా డబ్బు వల్లే జరిగిందని పొరబడతాం. వాన రెండు రకాల ఊళ్లలోనూ పడుతుంది. డబ్బు మాత్రం ఒక రకం ఊళ్లకే వస్తుంది. ఆ పైన కనిపించే తేడాను నమ్మొచ్చు. ఒక గిరిజన గ్రామంలో విడిగా ఇదే పరీక్ష పెట్టారు. ఈ పరిశోధన చేసినవారిలో గై స్టాండింగ్, రెనానా ఝాబ్‌వాలాతో పాటు హైదరాబాద్‌కు చెందిన సామాజిక శాస్త్రవేత్త శరత్ దావల కూడా ఉన్నారు.

తాగుడు పెరుగుతుందన్నారు, పెరగలేదు. పిల్లల బరువు మెరుగైంది, అందులోనూ ఆడపిల్లలది ఎక్కువగా. మరి పని?

ఆ ప్రాంతంలో 'నౌకర్' అనే పద్ధతి ఉంది. మన పాలేరు, జీతగాడు లాంటిదే. మోతుబరి దగ్గర అప్పు తీసుకున్నవాడు అది తీరేదాకా ఆయన చెప్పిన పనికి పోవాలి. తొలకరి పడగానే ముందు మోతుబరి చేను. తన ముక్కలో విత్తనం వేసేసరికి పదును ఆరిపోతుంది. పంట తగ్గుతుంది, మళ్లీ అప్పు. ఇద్దరు పెద్దలు, ముగ్గురు పిల్లలున్న ఇంటికి ఈ పథకంలో మొదట వచ్చింది నెలకు 700 రూపాయలు. ఆ డబ్బుతో కూర్చుని తినలేరు. విత్తనాలకో, జ్వరం మందులకో మోతుబరి గడప తొక్కకుండా మాత్రం ఉండగలరు. జరిగిందీ అదే. కొన్ని కుటుంబాలు అప్పుల నుంచి, ఆ చాకిరీ నుంచి బయటపడ్డాయి. కూలికి పోవడం తగ్గి, సొంత చేలో పని, పశువుల పెంపకం పెరిగాయి. మొత్తంగా చూస్తే పని తగ్గలేదు, పెరిగింది. మోతుబరి గట్టు మీద నిలబడి చూస్తే మనిషి రాలేదు, నిజమే. ఆ మనిషి పక్క చేలో తన నాగలి పట్టుకుని ఉన్నాడు. అరుగు మీది ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు నాకు దొరకలేదు.

ఒక తేడా గుర్తుంచుకోవాలి. 2018లో తెలంగాణ మొదలుపెట్టిన రైతుబంధు మొదట ఎకరానికి, పంటకు 4,000 రూపాయలు ఇచ్చింది. అది పట్టాదారు పాస్‌పుస్తకాన్ని చూసి ఇచ్చిన డబ్బు; ఎకరాలు పెరిగితే డబ్బూ పెరిగింది, కౌలు రైతుకు ఏమీ రాలేదు. షరతుల్లేని కనీస ఆదాయం, అంటే ఇండోర్ ఊళ్లలో ఇచ్చినలాంటిది, మనిషిని చూసి ఇచ్చేది.

ఫిన్లాండ్‌ది వేరే కథ. 2017, 2018 సంవత్సరాల్లో అక్కడి ప్రభుత్వం నిరుద్యోగుల్లోంచి 2,000 మందిని లాటరీ పద్ధతిలో ఎంచి, నెలకు 560 యూరోలు ఇచ్చింది. అంతకుముందు వచ్చే నిరుద్యోగ భృతి కూడా ఇంచుమించు అంతే. అంటే వాళ్లకు డబ్బు పెద్దగా పెరగలేదు, షరతులు పోయాయి. ఉద్యోగం వెతుకుతున్నట్టు రుజువులు చూపక్కర్లేదు, ఉద్యోగం దొరికినా డబ్బు ఆగదు. పని మీద ప్రభావం కొద్దిగానే కనిపించింది: లెక్కగట్టిన ఏడాదిలో సగటున 78 రోజుల పని, మిగతా నిరుద్యోగుల కంటే ఆరు రోజులు ఎక్కువ. అదే సమయంలో నిరుద్యోగ భృతి నిబంధనలు మారడంతో, ఆ ఆరు రోజులూ ఈ పథకం చలవేనని గట్టిగా చెప్పలేం. బతుకు మీద తృప్తి ఎంతని అడిగితే వీళ్లు పదికి 7.3 వేసుకున్నారు, మిగతావాళ్లు 6.8. దిగులు తక్కువ, సాటి మనుషుల మీద నమ్మకం ఎక్కువ.

అన్నిచోట్లా ఇలాగే జరిగిందంటే అబద్ధమవుతుంది. అమెరికాలో టెక్సస్, ఇల్లినాయ్ రాష్ట్రాల్లో వెయ్యిమందికి మూడేళ్లపాటు నెలకు 1,000 డాలర్లు ఇచ్చారు. 2024లో ఫలితాలొచ్చాయి. డబ్బందుకున్నవాళ్లు వారానికి సగటున 1.3 గంటలు తక్కువ పని చేశారు. మొదటి ఏడు మనసు తేలికపడ్డ జాడ ఉంది కానీ తర్వాత అది నిలవలేదు. ఈ లెక్కను దాచి కనీస ఆదాయం గురించి మంచిగా మాట్లాడటం నాకు ఇష్టం లేదు. అప్పులో మునిగిన నౌకర్‌కూ, నెలజీతం తెచ్చుకునే టెక్సస్ మనిషికీ చేతికొచ్చిన డబ్బు చేసే పని ఒకటే కాదు.

వీటన్నిటికీ ఉన్న లోపం గడువు. రెండు మూడేళ్లలో ఆగిపోతుందని తెలిసిన డబ్బును నమ్ముకుని ఎవరు ఏం మొదలుపెడతారు? కెన్యాలో 'గివ్ డైరెక్ట్‌లీ' అనే సంస్థ సరిగ్గా దీన్నే పరీక్షకు పెట్టింది. నెలకు 22 డాలర్లకు కాస్త ఎక్కువ, ఫోన్‌లోకే వస్తుంది. కొన్ని ఊళ్లకు రెండేళ్లని చెప్పారు, కొన్ని ఊళ్లకు 12 ఏళ్లని చెప్పారు. రెండేళ్లు గడిచేసరికి ఇద్దరి చేతికీ వచ్చిన సొమ్ము సమానం. అయినా 12 ఏళ్ల మాట విన్నవాళ్లే ఎక్కువ చిన్న వ్యాపారాలు పెట్టారు. నెలనెలా వచ్చే కొద్దిపాటి డబ్బుతో దుకాణం ఎలా పెట్టారంటే, మన ఆడవాళ్లు చీటీలు కట్టుకున్నట్టే వాళ్లూ పదిమంది కలిసి చీటీలు వేసుకున్నారు. వచ్చే నెలా, ఆపై నెలా డబ్బు పడుతుందన్న ధీమా ఉంది కాబట్టి, ముందు పాట ఎవరిదైనా మిగతావాళ్లు భయపడలేదు.