కంప్యూటరు పెట్టెలోని వేడి - పంకా రొద

ఈ దినములలో మన యిండ్లలో కుట్టుమిషను ప్రక్కనే కంప్యూటరు పెట్టెయు చోటు సంపాదించుకొన్నది. పిల్లల పాఠములు, పద్దులు, బ్యాంకు వ్యవహారములు, దూరదేశమందున్న బిడ్డలతోడి మాటలు దాని మూలమున జరుగుచున్నవి. అయినను ఆ పెట్టెను తెఱచి చూచిన సోదరీమణులు మిక్కిలి తక్కువ. వేసవి వచ్చునప్పటికి అది రొద సేయ నారంభించును. మఱికొన్నాళ్లకు పని నడుమ తనంతట తానే ఆగిపోవును. అప్పుడు మరమ్మతువాని కప్పగించి, అతడు చెప్పిన సొమ్ము చెల్లించుట తప్ప వేఱు దారి లేదని తలంతురు. ఈ రొదకు కారణము లేమి, వానిలో మన చేతనైన వేవి, చేయి పెట్టరాని దేది అను విషయము నిచట వ్రాయుచున్నాము.

పెట్టె నంతటిని సీపీయూ అనుట మన వాడుక. నిజమునకు ఆ పేరు లోపలనున్న ప్రాసెసరు అను చిన్నబిళ్లకే చెల్లును. అది అగ్గిపెట్టె యంతయైన నుండదు. సామాన్యముగా ఇండ్లలో వాడు యంత్రములలో దాని వేడిని 65 వాట్లుగా లెక్కింతురు. పెద్ద పనులకైన యంత్రములలో 125 వాట్లు, అంతకు మించియు నుండును. పూర్వము మన గదులలో వెలిగిన 60 వాట్ల తీగబల్బును వట్టిచేత తాకలేకపోతిమి గదా! ఆ వేడిని లాగుటకై బిళ్లపై హీట్‌సింకు అను అల్యూమినియపు రేకుల దిమ్మెయు, దిమ్మెపై పంకాయు నమర్తురు. 1978లో వచ్చిన ఇంటెల్ 8086 ప్రాసెసరుకు పంకాతో పనియే లేకుండెను. 2004లో వెలువడిన ప్రెస్కాట్ అను పెంటియం 4 వేడికి పేరుమోసినది. దాని తరువాత రావలసిన టెజాస్ నమూనాను ఆ సంవత్సరముననే ఇంటెల్ వారు మానుకొనిరి. చేసినవారినే యింత తిప్పలు పెట్టిన వేడి మన యింట రొద పెట్టుట వింత గాదు.

పంకా తన యిచ్చ వచ్చినట్లు తిరుగునది కాదు. ప్రాసెసరు వేడి హెచ్చినకొలది యంత్రమే దాని వేగమును హెచ్చించును. కాన రొద రోగము కాదు, రోగమును తెలుపు గుఱుతు. ఒక్కొక్కప్పుడు రోగమే యుండదు. పంకా గదిలోని గాలినే విసరును గాని చల్లగాలిని పుట్టింపలేదు. గది వేడి ఎన్ని డిగ్రీలు పెరిగిన ప్రాసెసరు వేడియు నించుమించుగా నన్ని డిగ్రీలు పెరుగును. డిసెంబరులో 22 డిగ్రీలుండిన గది మే మాసమున విజయవాడలోనో రామగుండములోనో 40 డిగ్రీలయినచో, అదే పని చేయుచు యంత్రము 18 డిగ్రీలు అధికముగా కాగును. ఆ కాలమున కొంచెము రొద హెచ్చిన కంగారు పడనక్కఱలేదు.

మొదట చూడవలసినది ఒక్కటే: యంత్రము నిజముగా పని చేయుచున్నదా, ఊరక కాగుచున్నదా? విండోసు గల యంత్రములో కంట్రోలు, షిఫ్టు, ఎస్కేపు మీటలు మూడును ఒక్కసారి నొక్కినచో టాస్కు మేనేజరు తెఱచుకొనును. అందు సీపీయూ అను వరుసలో శాతము కనబడును. మనము ఏ పనియు చేయకుండగా అది చాలసేపు 80, 90 శాతమున నిలిచినచో, ఏదో ప్రోగ్రాము చాటున పని చేయించుచున్నదన్నమాట. అది వైరసు తనిఖీ కావచ్చును, విండోసు దిద్దుబాటు కావచ్చును, పిల్లలు తెఱచి మూయని నలువది పుటల బ్రౌజరు కావచ్చును, దొంగతనముగా చొచ్చిన ప్రోగ్రామైనను కావచ్చును. ఆ వరుస తలపై నొక్కిన దోషి పేరు పైకి వచ్చును. అట్లుగాక శాతము అయిదో పదియో యుండి పంకా హోరెత్తుచున్నచో, పుట్టిన వేడి బయటికి పోవుటలేదని గ్రహింపవలయును. ఈ రెంటిని వేఱుచేయక ముందు ఒక్క రూపాయి ఖర్చు పెట్టరాదని మా యభిప్రాయము.

వేడిని డిగ్రీలలో చూచుటకు కోర్ టెంప్, హెచ్‌డబ్ల్యూ మానిటర్ అను ప్రోగ్రాములు ఉచితముగా దొరకును. ఊరక యున్నప్పుడు 35 మొదలు 50 వరకు, గట్టిపనిలో 70 మొదలు 85 వరకు నుండుట సామాన్యము. ఇంటెల్ ప్రాసెసర్లు పెక్కు 100 డిగ్రీల దరి చేరగనే తమ్ము గాపాడుకొనుటకు వేగము తగ్గించుకొనును. అప్పటికిని తగ్గనిచో యంత్రము ఆగిపోవును. 2022లో వచ్చిన ఏఎండీ వారి రైజెన్ 7000 తరగతి మాత్రము గట్టిపనిలో 95 డిగ్రీల వరకు పోవునట్లే నిర్మింపబడినది. దానిని జూచి భయపడరాదు.

మే మెఱిగిన యొక సోదరి రెండు దుకాణముల పద్దులు ఇంటనే వ్రాసి యిల్లు గడుపుచున్నది. ఒక ఏప్రిలులో ఆమె యంత్రము పావుగంట కొకసారి ఆగిపోసాగెను. నెలాఖరు లెక్కలు నిలిచిపోయినవి. దుకాణదారు లొకరు వేఱొకరిని చూచుకొందుమనిరి. మరమ్మతు చేయువాడు మూత తీయకయే మదర్‌బోర్డు పోయినదని, క్రొత్తయంత్రము కొనుమని చెప్పెను. ఆమె గాజులు తాకట్టు పెట్ట దలచుచుండగా మేము పోయి మూత తీయించితిమి. పంకాకును రేకులకును నడుమ కంబళిముక్క వంటి దుమ్ముపొర అడ్డుపడి యున్నది. పంకా ఎంత తిరిగినను గాలి రేకులను చేరుటలేదు. ఆమెయే కుంచెతో దానిని తీసివేసినది. 97 డిగ్రీలు చూపుచుండిన యంత్రము ఆ సాయంకాలము అదే పనిలో 64 చూపెను. గాజులు చేతనే నిలిచినవి.

ఈ దుమ్ము మన యిండ్లలో తేలికగా పేరును. పరుపులు దులిపినప్పటి దూది, ముగ్గుపిండి, అగరువత్తుల పొగ, వీనికి తోడు పోపుల నూనె ఆవిరి కలిసి జిగటగా రేకుల కంటుకొనును. పెట్టెను నేలపై నుంచక జానెడెత్తు పీటపై నుంచుట మేలు. బల్ల క్రింద కంప్యూటరు కొఱకని చేసిన మూసిన గూడు చూపునకు ముచ్చటయే గాని, అందు వెనుకనుండి వచ్చిన వేడిగాలియే మరల ముందునుండి లోపలికి పోవును. గోడకు జానెడు దూరము విడువవలెను. ఇంకొక మాట. అల్లికలు పెట్టి కుట్టిన గవుసెనలు మన సోదరీమణుల నేర్పున కానవాళ్లే. యంత్రము నడుచునంతసేపు మాత్రము వానిని మడిచి పెట్టెలో దాచుడు.

శుభ్రము చేయు విధానము కష్టము కాదు. యంత్రమును ఆపి, స్విచ్చి కట్టి, తీగ ఊడదీసి, ముందరి మీటను కొన్ని క్షణములు నొక్కి పట్టవలెను. మిగిలిన విద్యుత్తు పోవును. వసారాలోనికి తెచ్చి వెనుకనున్న మరలు విప్పిన ప్రక్కపలక జాఱును. నూలుచీర కట్టుకొని, జడ ముడివైచి, ముందుగా పెట్టె యినుపచట్రమును ఒకసారి తాకవలెను. నైలాను బట్టల రాపిడిలో పుట్టు విద్యుత్తు సున్నితమైన భాగములను చెఱుపగలదు. మెత్తని పొడికుంచెతోను, గాలి కొట్టు బ్లోయరుతోను దుమ్ము పోగొట్టవచ్చును. గాలి కొట్టునప్పుడు పంకారెక్కను వ్రేలితో పట్టుకొనుడు. లేనిచో అది మితిమీరిన వేగముతో తిరిగి ఇరుసు చెడును. తడిగుడ్డ పనికిరాదు.

దుమ్ము పోయినను వేడి తగ్గనిచో దిమ్మె వదులైనదేమో చూడవలెను. ఇంటెల్ వారి పెట్టెతో వచ్చు దిమ్మె నాలుగు ప్లాస్టికు మేకులపై నిలుచును. అందొకటి లేచినను బిళ్లకు దిమ్మె ఆనదు. బిళ్లకును దిమ్మెకును నడుమ థర్మల్ పేస్టు అను లేపన ముండును. అది జిగురు కాదు. కంటికి కానరాని సందులను నింపి వేడిని దాటించునది. కొన్నియేండ్లకు అది యెండి పిడుచగట్టును. పాతదానిని ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, సెనగగింజంత క్రొత్తది నడుమ నుంచి దిమ్మెను బిగింపవలెను. ఎక్కువ పూసిన మేలు లేదు. చేయి అలవాటు లేనివారు ఈ పనిని మరమ్మతువానిచే చేయింపవచ్చును. కాని పేస్టు మార్చుమని పేరు చెప్పి యడుగుడు.

రొదలోను తేడా లున్నవి. హోరుమను గాలిచప్పుడు వేడిది. టకటకమనునది రెక్కకు తగులుచున్న తీగది. దానిని ప్రక్కకు కట్టిన చాలును. గరగరమనునది అరిగిన ఇరుసుది, పంకాను మార్చవలసినదే. ఏ పంకాయో తెలియనిచో కాగితమును గొట్టముగా చుట్టి వైద్యుని వలె చెవి కానించి వినుడు. తిరుగుచున్న దానిని వ్రేలితో ఆపబోకుడు.

చేయి పెట్టరానిది విద్యుత్తు నందించు ఎస్.ఎం.పి.ఎస్. డబ్బా. తీగ ఊడదీసిన తరువాతను దానిలో ప్రాణాంతకమగు విద్యుత్తు నిలిచి యుండును. దాని జాలిపై దుమ్మును బయటినుండి తుడుచుటయే మన పని, మర విప్పరాదు. దాని పంకాయే మూల్గుచున్నచో డబ్బా మార్పించుడు. పలక మరల బిగించుటకు ముందు, శుభ్రము చేసిన తేదీని, ఆనాటి గదివేడిని, యంత్రపు వేడిని ఒక చీటిపై వ్రాసి పెట్టె వెలుపలి ప్రక్క నంటింపుడు. మఱుసటి వేసవిలో రొద వినవచ్చినప్పుడు ఆ యంకెలతో పోల్చి చూడవచ్చును.