పురుగుమందు ఆపివేసే ఎంజైము

మన శరీరములో ప్రతి పనికీ ఎంజైములు అనే పదార్థములు తోడ్పడుచున్నవి. అన్నము బాగా నమిలితే తియ్యగా తోచడానికి కారణము లాలాజలములోని అమైలేజు అనే ఎంజైమే. కోలినెస్టరేజు అటువంటి మరొకటి. నరము కండరమునకు పంపే కబురును ఒక రసాయనము మోస్తుంది. కబురు అందగానే ఆ రసాయనమును ఈ ఎంజైము విరుగగొడుతుంది. అందుచేతనే బిగిసిన కండరము మరల సడలుతుంది.

పత్తికి కొట్టే ప్రొఫెనోఫాస్ వంటి మందులు పురుగులో ఈ ఎంజైమునే ఆపివేస్తాయి. మనిషిలోనూ అంతే. చొంగ, చెమటలు, వాంతులు, కనుపాపలు చిన్నవి కావడము, ఊపిరి ఆడకపోవడము దాని గురుతులు.

వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రిలో 1997 నుండి 2002 వరకు పురుగుమందుల విషముతో 8,040 మంది చేరారు. ప్రతి ఐదుగురిలో ఒకరికి పైగా మరణించారు. 2002లో చేరినవారిలో అత్యధికులు కావాలని తాగినవారే.

కాబట్టి మేము కోరేది ఇది. గాలికి ఎదురుగా మందు కొట్టకండి. అది చర్మము గుండా కూడ లోపలికి పోతుంది గనుక తడిసిన బట్టలు వెంటనే విప్పి, సబ్బుతో ఒళ్లు కడుగుకొనండి. గురుతులు కనబడితే నాటువైద్యముతో కాలము గడపక, మందు డబ్బాతో సహా ఆసుపత్రికి పరుగెత్తండి. అక్కడ అట్రోపిన్ ఇంజక్షన్ ఇస్తారు. ఇంట్లో మందును తాళము వేసి ఉంచండి. అప్పులతో, దుఃఖముతో కుమిలిపోయే పొరుగువారిని ఒంటరిగా విడువకండి. కూర్చుండి వారి మాట వినండి.