పల్లపుసీమలో ఎరువుకుప్ప

వరికోతలు ముగిసి గడ్డి యిండ్లకు చేరు దినములలో మన సంఘసభ్యులు పెరటితోటకు కంపోస్టు తయారుచేయు విధానమును గూర్చి తరచుగా ప్రశ్నించుచుందురు. వారిలో పెక్కురు గొయ్యి యెంత లోతు త్రవ్వవలెనని మొట్టమొదట నడుగుదురు. యానాం పరిసరములందలి రైతులకు మేము చెప్పదగిన మొదటి మాట యేమనగా, గొయ్యి త్రవ్వనే వలదు.

యానాం గౌతమీ గోదావరి గట్టున, కోరంగి పాయ చీలుచోట నున్న పల్లపు నేల. శ్రావణ భాద్రపదములందు నది నిండి ప్రవహించునపుడు పెరళ్ళలో రెండుమూడడుగులు త్రవ్విన చాలు, అడుగున నీరు తేలును. చెత్తను ఎరువుగా మాగించు సూక్ష్మజీవులకు మనకువలెనే గాలి కావలయును. నీట మునిగిన గోతిలో గాలి యుండదు. అందు వేరొక జాతి జీవులు ప్రబలి పదార్థమును మాగింపక క్రుళ్ళించును. నత్రజనిలో కొంత వాయువై పోవును, పొటాషు నీటిలో కరగి భూమిలోనికి దిగిపోవును. దుర్గంధమును నల్లని బురదయు మనకు మిగులును.

ఈ వ్యాసము వ్రాయువాడును మొదట గొయ్యియే త్రవ్వెను. ఒక కరపత్రమున నున్న కొలతల ప్రకారము మూడడుగుల లోతున త్రవ్వి, ఆకులు, గడ్డి, పేడ వేసి కప్పితిని. శ్రావణమున గొయ్యి నిండినది. ఇరుగుపొరుగువారు ముక్కు మూసికొని నడచిరి. కార్తికమున త్రవ్వి చూడగా పైభాగము బురదయై, అడుగున నాకులు వేసినవి వేసినట్లే యున్నవి. ఆ బురదనంతయు పైకి తీసి రెండు లేత కొబ్బరిచెట్ల నడుమ పోసి మరచితిని. అది యారిన పిదప దానియందే కొమ్ముపురుగు గ్రుడ్లు పెట్టినది. మరుసటి యేడు ఆ రెండుచెట్లలో నొకదాని మొవ్వు తెగిపోయి చెట్టు చచ్చినది. గొయ్యి పోయినందుకు నాకు విచారము లేదుగాని, ఆ చెట్టును తలచుకొన్నప్పుడెల్ల నిప్పటికిని మనసు చివుక్కుమనును. కావుననే యీ వ్యాసమున పురుగు సంగతి కొంత విపులముగా వ్రాయబడినది.

కంపోస్టు విధానమును మన దేశమున శాస్త్రీయముగా కుదిర్చినవారిలో ఆల్బర్ట్ హోవర్డు ముఖ్యుడు. ఆయన 1905లో ఈ దేశమునకు వచ్చి, 1924 మొదలు 1931 వరకు ఇందూరులో పరిశోధన జరిపి, యశవంత వాడ్ అను సహచరునితో కలిసి 1931లో తమ పద్ధతిని గ్రంథరూపమున ప్రకటించెను. ఈ దేశపు రైతులను, పైరుల తెగుళ్లను తనకు వ్యవసాయము నేర్పిన ఆచార్యులుగా నెంచుకొంటినని ఆయన వ్రాసికొన్నాడు. మనకు ముఖ్యమైన విషయమొకటి యా గ్రంథముననే కలదు. ఇందూరు మెట్టసీమ. అచ్చటనైనను వారు ఎండకాలమున మాత్రమే గోతులు వాడి, వానకాలమున నేలపై కుప్పలు వేసిరి. గొయ్యి తేమను నిలుపుకొనుటకు, కుప్ప తేమను వదలుకొనుటకు. మన పల్లపుసీమకు నిలుపుకొనవలసిన తేమకంటె వదలుకొనవలసిన తేమయే యెక్కువ.

ఇక పదార్థముల మాట. చివికెడు పదార్థమునందు నత్రజని యొక పాలున్నచో కర్బనము 25 మొదలు 30 పాళ్లవరకు నుండుట మేలని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. వరిగడ్డియందు కర్బనము ఒకటికి 60 పాళ్లకు పైబడి యుండును. అందుచే గడ్డి యొక్కటే వేసిన కుప్ప నెలల తరబడి చల్లగా పడియుండును. పచ్చియాకు, పేడ నత్రజని గలవి. అవి యెక్కువైనచో ముక్కును మండించు ఘాటు పుట్టును. ఆ ఘాటే మన నత్రజని గాలిలో కలిసిపోవుచున్నదనుటకు గురుతు. ఈ లెక్కలన్నిటికి బదులు మేము గంపలతో కొలుతుము. మూడు గంపల ఎండు పదార్థమునకు ఒక గంప పచ్చియాకు, ఒక గంప పేడ చాలును.

ఎండు పదార్థమునకు మనకు కొదువ లేదు. యంత్రముతో కోసిన చేలలో గడ్డి చెదరిపడియుండుటచే దానిని ప్రోగుచేయుట శ్రమయని కొందరు నిప్పు పెట్టుచున్నారు. ఒక టన్ను వరిగడ్డిలో ఇంచుమించు 5 మొదలు 8 కిలోల నత్రజనియు, దానికి రెట్టింపో అంతకు మించియో పొటాషియమును ఉండును. మంటలో నత్రజని దాదాపు పూర్తిగా పోవును. బూడిదలో మిగిలిన పొటాషు తొలివానకు కొట్టుకొనిపోవును. తరువాత నదే వస్తువును బస్తాలుగా కొనితెచ్చుకొనుచున్నాము. భోగినాడు పెరటి చెత్తయంతయు మంటకు పోవుటయు నిట్టిదే. పండుగ మానుమని మేము చెప్పబోము. ఎండుకొమ్మలను మంటకిచ్చి, రాలుటాకును మాత్రము ఒక మూల దాచియుంచుడని కోరుచున్నాము.

పచ్చియాకునకు జనుము, జీలుగ, గట్లపై పెరుగు గిరిపుష్పము, మునగరెమ్మలు మంచివి. కాలువలలో నల్లుకొను గుర్రపుడెక్క కూడ పనికివచ్చును. దానిలో పదింట తొమ్మిదిపాళ్లకు మించి నీరే గావున, గట్టున రెండుమూడు దినములు వాడనిచ్చి, కత్తితో నరికి వేయవలెను. అరటి బోదెలను చీల్చి వేయవచ్చును, వానిలో పొటాషు మెండు. కొబ్బరి పీచుపొట్టు మాత్రము మొండిది. దానిలో కర్బనము నూటికి మించిన పాళ్లుండును గావున పదింట నొకపాలుకంటె నెక్కువ చేర్పరాదు. ఊకయు నట్టిదే. కొబ్బరిడొక్కలను కుప్పలో వేయక, చెట్టు పాదులో బోర్లించి పరచుట మేలు.

యానాములో చేపల పొలుసులు, తలలు, రొయ్యపెంకులు పుష్కలముగా దొరకును. పులసల కాలమున చెప్పనక్కరలేదు. ఇవి మంచి యెరువు. కాని కుప్ప నడిమధ్యను జానెడు లోతున పెట్టి, పైన గడ్డియు మన్నును కప్పనిచో కుక్కలును పిల్లులును కుప్పను నిలువనీయవు. రొయ్యల చెరువులనుండి తీసిన బురదను మాత్రము ఏ కారణముచేతను చేర్పకుడు. అది ఉప్పుబురద. మాడిపోయిన వంగ, టమాటా మొక్కల వేళ్ళను గూడ వేయకుండుట మంచిది, పెరటికుప్ప అంచులవరకు వేడెక్కదు.

కుప్ప వేయుటకు వాననీరు నిలువని యెత్తుచోటు, నూతికి దూరముగా, కొంత నీడ తగులునట్లు చూడవలెను. నేలను అర్ధడుగు మట్టితో నెత్తుచేయుడు. 1986 ఆగస్టులో వచ్చినట్టి వరదకు ఏ దిబ్బయు నిలువదుగాని, ఏటేటి వానలకు ఆమాత్రపు టెత్తు చాలును. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పున కొబ్బరిమట్టలుగాని సరుగుడు కంపగాని అడ్డముగా పరచవలెను. ఇది కుప్పకు అడుగునుండి గాలి నిచ్చును. నడుమ రెండు వెదురుబొంగులు నిలువుగా పాతి, కుప్ప పూర్తియైన పిదప నూడబెరికినచో గాలిగొట్టము లేర్పడును.

మొదట జానెడు మందమున గడ్డియు ఎండాకును. దానిపై నాలుగు వ్రేళ్ళ మందమున పచ్చియాకు. దానిపై పేడను కళ్ళాపివలె కలిపి చల్లవలెను. పశువుల మూత్రముతో తడిసిన కొట్టపు మన్ను దొరకినచో పిడికెళ్లతో చల్లుడు, ఇందూరువారు దానిని మిక్కిలి మెచ్చుకొనిరి. పొయ్యిబూడిద కొంచెమే చల్లవలెను, అది యెక్కువైనను ఘాటు పుట్టి నత్రజని పోవును. ఇట్లు వరుస వెంబడి వరుస పేర్చి నాలుగడుగుల యెత్తునకు తేవలెను. మూడడుగులకు తగ్గిన కుప్ప తన వేడిని తాను నిలుపుకొనలేదు. రోజొక తట్ట వేయుచు నెలకు పూర్తిచేయు పద్ధతి గృహిణులకు సులభమేగాని, వేడి పుట్టదు. పదార్థమంతయు ముందు సమకూర్చుకొని ఒక్కపూటలో వేయుట ఉత్తమము. వరుసలు వేయునపుడు వాడు నీరు మంచినీరై యుండవలెను. వేసవిలో సముద్రపు పోటు నదిలోనికి ఎగదన్నునపుడు ఉప్పనగు నూతులనీరు పనికిరాదు. చివరకు కొబ్బరికమ్మల తడికను ఏటవాలుగా కప్పినచో వానయు నెండయు రెండును తప్పును.

మూడునాలుగు దినములకు కుప్ప వేడెక్కవలెను. ఇనుపచువ్వ నొకదానిని నడిమికి గ్రుచ్చి, కొంతసేపటికి తీసి పట్టుకొని చూడుడు. చేయి నిలుపలేనంత వేడియున్నచో లోపల 55 మొదలు 65 డిగ్రీల సెంటీగ్రేడు వరకు నుండవచ్చును. కలుపు విత్తనములు, తెగుళ్ల బీజములు ఆ వేడికే చచ్చును. చువ్వ చల్లగా వచ్చి కుప్ప పొడిగా నున్నచో తేమ చాలదు, తడిగా నున్నచో గాలియో పేడయో చాలదు. పిడికెడు తీసి పిండినపుడు వ్రేళ్ళసందున నొకటిరెండు చుక్కలు తేలవలెను, ధార కారరాదు.

పదునైదు దినములకు మొదటిసారి, నెలకు రెండవసారి, రెండు నెలలకు మూడవసారి పారతో తిరుగవేయవలెను. అంచున నున్నది నడిమికిని, నడిమి నున్నది అంచునకును పోవలెను. ఎక్కువమంది విసుగుకొనునది యిచ్చటనే. మహారాష్ట్రమున నారాయణ పాండరీపాండే అను రైతు కుదిర్చిన నాడెప్ పద్ధతిలో, గోడలకు రంధ్రములు విడిచిన ఇటుకతొట్టియందు తిరుగవేయకయే ఎరువు మాగును. అది పనివారు దొరకని చోట్ల మేలైన పద్ధతియే. కాని కొబ్బరితోటల నడుమ తిరుగవేయని కుప్పను ఈ రచయిత నమ్మడు.

ఏలననగా కొమ్ముపురుగు గ్రుడ్లు పెట్టుటకు వెదకునది మాగుచున్న పెంటనే, చీకిన కొబ్బరి మొద్దులనే. గ్రుడ్డునుండి వచ్చిన తెల్లని లావుపాటి పిల్లపురుగు చుట్టుకొని నెలల తరబడి ఎరువు తినుచు పెరిగి, తుదకు నల్లని కొమ్ముపురుగై యెగిరిపోయి, కొబ్బరి మొవ్వును తొలిచి రసము పీల్చును. తరువాత విచ్చుకొనిన ఆకు కత్తెరతో కోసినట్లు త్రికోణములుగా తెగియుండుట చూచియే మనము దానిని గుర్తింతుము. పెద్దచెట్టు తట్టుకొనును. లేతచెట్టు మొవ్వు పూర్తిగా తెగినచో చచ్చును. 1996 నవంబరు తుపానువంటి గాలివానలకు కూలిన మొద్దులను తొలగింపక విడిచినచో అవియును ఈ పురుగునకు పుట్టినిండ్లగును. వేడి యెక్కిన కుప్పలో ఈ పిల్లపురుగు బ్రతుకదు. చల్లారిన కుప్పలోనే, అందును నెలల తరబడి కదపని కుప్పలోనే, పెరుగును. తిరుగవేయునపుడు కనబడిన ప్రతి పురుగును ఏరి కోళ్ళకు వేయుడు. దానికి తెగులు కలిగించి చంపు మెటారైజియము అను శిలీంధ్రపు పొడిని పెంటలో కలుపుటయు కలదు. దానిని గూర్చి అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానమున అడిగి తెలిసికొనవచ్చును. వానపాములను చూచి పురుగులని భ్రమపడి చంపకుడు. కుప్ప చల్లబడిన పిదప అవి తామే వచ్చును.

మూడు మాసములకు కుప్ప సగమునకు దిగి, నల్లనై, తొలివానకు తడిసిన నేలవాసన వేయును. వేసినదేదో పోల్చుకొనరానప్పుడే మాగినదని తెలియవలెను. పచ్చిగా వేసినచో అది నేలలోని నత్రజనిని తానే లాగికొని మొక్కను పసుపుపచ్చ చేయును. జల్లించి, మడులలో అంగుళము మందమున పరచి, పైమట్టిలో కలుపుడు. ఆనప, బీర, పొట్ల పాదులకు పాదునకొక తట్ట. కొబ్బరిచెట్టునకు ఏడాదికి 50 కిలోలు, మొదలుకు అంటకుండ చుట్టును. చవుడు తగిలిన మడులలో ఎరువు నేలను గుల్లచేసి మంచినీటిని లోనికి దింపునేగాని, ఉప్పును తాను తినివేయదు. వానకాలపు మంచినీటితో మడిని కడిగిన పిదపనే ఎరువు వేసిన ఫలము కనబడును.

మాఘమున వేసిన కుప్ప వైశాఖమునకు అందివచ్చును. ఆషాఢమున ఆనపగింజలు నాటువారికి అది సరియైన వేళ. దాళ్వా గడ్డితో రెండవ కుప్ప చైత్రముననే వేసికొనవచ్చును. మొదటి కుప్పలోనిది ఒక గంపెడు విడిగా తీసియుంచి, క్రొత్త కుప్ప పేడకళ్ళాపిలో కలిపినచో మాగించు జీవులు దానితోడనే చేరి, వేడి త్వరగా పుట్టును.