ముంగిలి నేల: మంచు దేశంలోనూ, మన సముద్ర తీరంలోనూ

ఇంటికి వచ్చిన అతిథి మొదట పాదం మోపేది ముంగిటిలో. తెలుగులో ముంగిలి అన్నా, వాకిలి అన్నా, ఉర్దూలో ఆంగన్ అన్నా, సహన్ అన్నా ఆ జాగాకు మన ఇళ్ళలో ఒక మర్యాద ఉన్నది. ఒకనాడు అది పేడనీళ్ళతో అలికిన మట్టినేల. తరువాత కడప బండలు పరచిన నేల అయింది. నేడు కారో, మోటారు సైకిలో లోపలికి రావాలి గనుక గేటు మొదలు గడప దాకా సిమెంటు చప్టాగానో, అచ్చుపోసిన సిమెంటు బిళ్ళలుగానో మారిపోతున్నది. అమెరికాలోనో, కెనడాలోనో ఉన్న పిల్లలు పంపిన ఫొటోలు చూపి, అచ్చంగా అట్లాంటి నేలే కావాలని మేస్త్రీని కోరేవారు కూడా ఉన్నారు. కాని ఏ నేల శాస్త్రం ఆ నేలదే. అక్కడి చప్టా ఏ శత్రువును ఎదిరించడానికి వేసినదో, ఇక్కడి చప్టా ఏ శత్రువును ఎదిరించవలసి ఉన్నదో తెలిసికొనడం మనకు అవసరం.

చప్టా పగిలితే సామాన్యంగా సిమెంటు తక్కువైందని మేస్త్రీని, బరువు ఎక్కువైందని బండిని నిందిస్తాము. అవి కూడా కారణాలు కావచ్చు. అయితే గట్టిగా దిమ్మిస కొట్టిన నేల మీద నాలుగు అంగుళాల కాంక్రీటు ఒక ఇంటి కారును సులభంగానే మోస్తుంది. చప్టాను చెరిచే అసలు దోషి చాలా సందర్భాలలో నీరు. పైన పారిపోయే నీరు కాదు, అడుగున చేరి బయటికి పోయే దారి లేని నీరు. ఈ సత్యం మంచు దేశాలలో ఒక్క చలికాలంలోనే కంటికి కనిపిస్తుంది గనుక ముందుగా అక్కడి సంగతి చూద్దాము.

మంచు చేసే పని

నీరు గడ్డకట్టేటప్పుడు దాని పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. కాంక్రీటులోని సన్నని రంధ్రాలలో నిండిన నీరు గడ్డకట్టి వ్యాకోచిస్తే లోపలి నుంచే ఒత్తిడి పుట్టి, పై పొర పెచ్చులుగా ఊడిపోతుంది. ఇది మొదటి దెబ్బ. రెండవది ఇంతకంటె పెద్దది. అమెరికా భూగర్భ శాస్త్రవేత్త స్టీఫెన్ టేబర్ 1929, 1930 సంవత్సరాలలో ప్రకటించిన ప్రయోగాలలో దీనిని నిరూపించాడు. గడ్డకట్టేటప్పుడు కుంచించుకుపోయే బెంజీనుతో మట్టిని తడిపి చల్లబరచినా ఆ మట్టి పైకి ఉబ్బింది. కనుక ఉబ్బుకు కారణం 9 శాతం వ్యాకోచం ఒక్కటే కాదని తేలింది. దీపపు వత్తి నూనెను పీల్చుకున్నట్లు, గడ్డకడుతున్న పొర అడుగునుంచి నీటిని పైకి లాక్కుంటుంది. ఆ నీరు మంచు పలకలుగా పేరుకొని పైనున్న నేలను, చప్టాను ఎత్తివేస్తుంది. వసంతంలో మంచు కరిగినప్పుడు అడుగు మట్టి బురదై ఆధారం తప్పుతుంది. చప్టా కుంగి పగులుతుంది.

ఈ ఉబ్బుకు మూడు కావాలి: గడ్డకట్టే చలి, నీటిని పీల్చే సన్నని ఒండ్రు వంటి మట్టి, అందుబాటులో నీరు. చలిని మనిషి ఆపలేడు గనుక తక్కిన రెండింటినీ తొలగిస్తాడు. మెత్తని మట్టిని తవ్వి తీసి, నీరు నిలువని కంకర పరచి, దాని పైన చప్టా వేస్తాడు. అమెరికాలోని మిన్నియాపోలిస్ ప్రాంతంలో ఇంటి పునాదిని 42 అంగుళాల లోతుకు దించాలని నిర్మాణ నిబంధన. చలి అంత లోతు దాకా దిగగలదని దాని అర్థం. ఇంటి ముందు బాటకు అంత లోతు తవ్వడం సాధ్యం కాదు గనుక అక్కడ కంకర పొరే రక్ష. ఇక కాంక్రీటులో కంటికి కనిపించని గాలి బుడగలను ఉద్దేశపూర్వకంగా నింపే పద్ధతి 1930ల నుండి వ్యాపించింది. మంచు వ్యాకోచించడానికి ఆ బుడగలు చోటిస్తాయి. అక్కడ గాలి సుమారు 5 నుండి 8 శాతం వరకు ఉండేటట్లు చూస్తారు.

ఆ దేశాలలో బాట మీద పేరుకున్న మంచును కరిగించడానికి ఉప్పు చల్లుతారు. దానివలన జారిపడే ప్రమాదం తగ్గుతుంది గాని కాంక్రీటు పై పొర మరింత త్వరగా పెచ్చులూడుతుంది. ఈ ఉప్పు మాటే మనలను మన తీరానికి తీసికొని వస్తుంది.

ఉప్పు చేసే పని

నెల్లూరు తీరాన మంచు గడ్డకట్టదు. కాని అక్కడ మనిషి చల్లే ఉప్పును ఇక్కడ సముద్రమే చల్లుతుంది. మైపాడు, కృష్ణపట్నం, ఇస్కపల్లి, తుమ్మలపెంట వంటి ఊళ్ళలో గాలిలోనే ఉప్పు తుంపర ఉంటుంది. బకింగ్‌హామ్ కాలువ వెంట నేలలోనూ ఉప్పు ఉన్నది. ఉప్పునీరు ఇటుకలోకి, బండలోకి, కాంక్రీటులోకి ఎక్కుతుంది. ఎండకు నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగిలి రంధ్రాలలో స్ఫటికాలుగా పెరుగుతుంది. అక్కడ మంచు చేసే పనిని ఇక్కడ ఈ స్ఫటికాలు చేస్తాయి. తీరపు ఇళ్ళ గోడల అడుగు భాగం తెల్లగా పూచి, పొడిపొడిగా రాలడానికి ఇదే హేతువు. కాంక్రీటులో ఇనుప చువ్వలుంటే కీడు రెట్టింపు అవుతుంది. ఉప్పు సోకిన ఇనుము తుప్పు పడుతుంది. ఆ తుప్పు ఇనుము కంటె రెండు రెట్లకు పైగా చోటు ఆక్రమించి కాంక్రీటును చీలుస్తుంది. కనుకనే సముద్రపు ఇసుకను కాంక్రీటులో కలుపరాదు. పెన్నా వంటి ఏటి ఇసుక వాడవలెను.

మన రెండవ శత్రువు ఈశాన్య ఋతుపవనం. ఈ జిల్లాలో సంవత్సరపు వర్షంలో సగానికి మించి అక్టోబరు, నవంబరు, డిసెంబరు మాసాలలోనే కురుస్తుంది. 1984 నవంబరులో శ్రీహరికోట వద్ద, 1989 నవంబరులో కావలి వద్ద తుపానులు తీరం దాటాయి. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు వద్ద పట్టాల కింది కంకర కొట్టుకుపోయి రైళ్ళు నిలిచిపోయాయి. ఇంటి చప్టాకు జరిగేది కూడా చిన్న ఎత్తున ఇదే. ఇసుక నేలలో అంచు గట్టిగా లేకపోతే వాననీరు అడుగు ఇసుకను లాక్కొనిపోతుంది. పైన చప్టా చెక్కుచెదరనట్లే ఉండి, లోపల డొల్ల అవుతుంది. డెల్టాలోని రేగడి నేలలో కథ వేరు. తడిసినప్పుడు నేల ఉబ్బుతుంది, ఎండినప్పుడు బీటలు వారుతుంది. మంచు లేకుండానే చప్టా లేచి పడుతుంది.

చప్టా వేసే పద్ధతి

ఈ కారణాలు గ్రహిస్తే పద్ధతి తనంతట తానే బోధపడుతుంది. మొదట పై మట్టిని ఎనిమిది, పది అంగుళాలు తవ్వి తీయాలి. రేగడి అయితే ఇంకా లోతుగా తీసి గ్రావెల్ నింపాలి. గ్రావెల్‌నైనా, కంకరనైనా ఒక్కసారిగా పోయక, పొరలు పొరలుగా పోసి, తడిపి, దిమ్మిస కొట్టాలి. బండలో, బిళ్ళలో పరిచేటప్పుడు వాటి కింద అంగుళం, అంగుళంన్నర ఇసుక చాలు. నాలుగు పక్కలా అంచు రాళ్ళు పాతాలి. అంచు లేని చప్టా గట్టు లేని చెరువు వంటిది.

తరువాతది వాటం. ఇంటి వైపు నుండి వెలుపలికి అడుగుకు పావు అంగుళం చొప్పున నేల వాలి ఉండాలి. మసీదులో వుజూ చేసే చోట నీరు నిలువకుండా నేలకు వాటం ఇవ్వడం మనకు తెలిసినదే. ఆ శ్రద్ధే ఇంటి ముంగిటికి కూడా కావాలి. కాంక్రీటు చప్టా అయితే ఎనిమిది, పది అడుగులకొక గీత చొప్పున, మందంలో నాలుగవ వంతు లోతుకు కోయాలి. కాంక్రీటు ఆరి కుంచించుకొనేటప్పుడు పగులు ఆ గీతలోనే వస్తుంది, అడ్డదిడ్డంగా పోదు. కనీసం ఏడు రోజులు నీళ్ళు కట్టి తడపాలి. మంచు దేశపు గాలి బుడగల కాంక్రీటు మన ముంగిటికి అవసరం లేదు. అక్కడి నుండి మనం నేర్వవలసినది అడుగున నీరు నిలువనీయని జాగ్రత్తనే.

బావి మాట

ఇంతవరకు చప్టా క్షేమం చెప్పుకున్నాము. ఇంటి క్షేమం ఇంకొకటి ఉన్నది. తీరంలోని ఇసుక నేలల కింద మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. హాలండుకు చెందిన బాడన్ గైబెన్, జర్మనీకి చెందిన హెర్జ్‌బెర్గ్ పందొమ్మిదవ శతాబ్దం చివర, ఇరవయ్యవ శతాబ్దం మొదట వేరువేరుగా దీని లెక్క చెప్పారు. సముద్ర మట్టానికి పైన ఒక్క అడుగు మంచినీరు నిలిచి ఉంటే, మట్టానికి దిగువన సుమారు 40 అడుగుల మంచినీరు ఉంటుంది. తిరుగవేసి చెప్పుకుంటే, పై మట్టం ఒక్క అడుగు శాశ్వతంగా తగ్గితే అడుగునుండి ఉప్పునీరు కాలక్రమేణ 40 అడుగులు పైకి రాగలదు. తోడే నీరు పెరిగి, ఇంకే నీరు తరిగితే తియ్యని బావి ఉప్పగా మారడం ఇట్లాగే.

20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు గల ముంగిటిలో 100 మిల్లీమీటర్ల వర్షం పడితే సుమారు 5,500 లీటర్ల నీరు వస్తుంది. ఇరవై లీటర్ల బిందెలతో 275 బిందెలు! మొత్తం ముంగిటిని సిమెంటుతో మూసివేస్తే అదంతా వీధిలోకి పోతుంది. వీధి మునుగుతుంది, బావి ఎండుతుంది. ఆ నీటిని మనమే గెంటివేసి, వేసవిలో ట్యాంకరు కోసం వరుసలో నిలబడతాము. భవనాలలో వాననీటిని ఇంకించే ఏర్పాటు ఉండాలని 2002లో వచ్చిన వాల్టా చట్టం కూడా చెబుతున్నది.

కనుక చక్రాలు నడిచే రెండు పట్టెలకు మాత్రమే కాంక్రీటు వేసి, నడుమ గులకరాళ్ళో, గడ్డియో ఉంచడం మేలు. బిళ్ళలు పరిస్తే సందులను సిమెంటుతో పూడ్చక ఇసుకతో నింపాలి. వాటాన్ని వీధి కాలువ వైపు కాక ఇంకుడు గుంత వైపు తిప్పాలి. చెట్టు మొదట మట్టిని వదలాలి.

మన కళాశాల ఆవరణకు కూడా ఈ మాట వర్తిస్తుంది. చెట్ల చుట్టూ చప్టా వేయించే ముందు ఒక్క వర్షాకాలం నీరు ఎటు పారుతున్నదో, ఎక్కడ నిలుస్తున్నదో గమనించవలసినదిగా కమిటీ పెద్దలకు సవినయ మనవి. విద్యార్థులు తమ ఇంటి బావి నీటి మట్టాన్ని సెప్టెంబరు చివర ఒకసారి, జనవరిలో ఒకసారి తాడుతో కొలిచి వ్రాసి పెట్టుకుంటే, రెండు మూడేండ్లలో తమ ముంగిలి వాననీటిని దాచుకుంటున్నదో, పోగొట్టుకుంటున్నదో వారికే తెలియగలదు. దానికి తాడు, గుండు, పుస్తకం చాలు.