పసిబిడ్డను ఎవరికి అప్పగించి కూలికి పోవాలి?

మిరప కోతల కాలంలో దళితవాడలో తెల్లవారగానే ఎదురయ్యే ప్రశ్న కూలి దొరుకుతుందా అన్నది ఒక్కటే కాదు. పాలు మరవని బిడ్డను ఎవరి దగ్గర వదలాలన్నది కూడా. ఇంట్లో ముసలమ్మ ఉంటే ఆమె చూస్తుంది. లేకుంటే పెద్దకూతురు బడి మానుతుంది. భూమి లేని కులాల స్త్రీలకు పొలానికి పోక తప్పదు గనుక ఈ భారం అందరిపైనా సమానంగా పడదు. శిశు సంరక్షణను నేను కులప్రశ్నగా చూడటానికి కారణం ఇదే.

అంగన్‌వాడీలు ఉన్నాయి కదా అనవచ్చు. 1975లో మొదలైన ఆ వ్యవస్థ పూర్వ ప్రాథమిక విద్యను మూడేళ్లు నిండినవారికే అందిస్తుంది. అంతకన్నా చిన్నవారికి దక్కేది ప్రధానంగా ఇంటికిచ్చే పోషకాహారమే. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థల్లో శిశు సంరక్షణ కేంద్రాన్ని తప్పనిసరి చేసింది. ఏరోజుకారోజు కూలీలను పిలిచే పొలం ఆ లెక్కలోకి రాదు.

పిల్లలను సాకే నేర్పు వాడలోని స్త్రీలకే ఉంది. లేనిది పెట్టుబడి. గది బాగుచేయాలి, మరుగుదొడ్డి కట్టాలి, ఊయలలు, వంటపాత్రలు కొనాలి, తొలి నెలల జీతాలు సమకూర్చుకోవాలి. తనఖాకు ఆస్తి లేనివారికి ఇదంతా అందని మాట. అహ్మదాబాద్‌లో 1974లో 4,000 మంది శ్రామిక స్త్రీలు తలా 10 రూపాయల వాటాతో సేవా బ్యాంకు స్థాపించుకున్నారు. అదే ఉద్యమం నుంచి 1986లో సంగిని అనే శిశు సంరక్షణ సహకార సంఘం పుట్టింది. పిల్లలను చూసేవారే అందులో సభ్యులు. తల్లుల పనిగంటలను బట్టి కేంద్రాల వేళలు నిర్ణయించుకున్నారు.

మనకు పొదుపు సంఘాలున్నాయి, 2011 నుంచి స్త్రీనిధి ఉంది. అయినా జీవనోపాధి రుణమనగానే గేదె, కుట్టుమిషను, కిరాణా కొట్టే తడతాయి. కింది కులాల స్త్రీ చేసే సాకుడు పనిని మన సమాజం పనిగానే లెక్కించకపోవడం దీని వెనుక ఉంది. గ్రామ సమాఖ్యలు తక్కువ వడ్డీకి, తొలి ఏడాది వాయిదాల నుంచి వెసులుబాటుతో ఇలాంటి కేంద్రాలకు ప్రత్యేక రుణం ఇవ్వాలని నేను కోరుతున్నాను.

అయితే అప్పు ఒక్కటే చాలదు. 2010లో సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల ఒత్తిడిని అరికట్టడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవలసి వచ్చిందని మరువరాదు. కూలి తల్లి ఇవ్వగల రుసుముతో జీతాలూ, భోజనమూ, వాయిదాలూ గట్టెక్కవు. రుణం గదిని కట్టగలదు; నెలవారీ ఖర్చును ప్రభుత్వమే భరించాలి. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లును సమర్థిస్తూ అంబేడ్కర్ ఆ భారాన్ని ఎక్కువగా ప్రభుత్వమే మోయాలని వాదించారు. తల్లి విశ్రాంతికి వర్తించిన ఆ న్యాయం బిడ్డ సంరక్షణకు ఎందుకు వర్తించదు?

కేంద్రం ఎక్కడ వెలుస్తుందన్నది మరో ప్రశ్న. ఊరి నడుమ పెడితే వాడ పిల్లలు గడప బయటే నిలబడే ప్రమాదం ఉంది. అది దళితవాడలోనే ఉండాలి, దళిత స్త్రీ దాన్ని నడపాలి, అన్ని కులాల పిల్లలూ ఆమె చేతి ముద్ద తినాలి. ప్రభుత్వ సాయానికి ఇదే షరతు కావాలి. అప్పుడే ఆ రుణం ఒక ఉపాధితో ఆగక, అంటరానితనపు గోడలో ఒక ఇటుకనైనా కదిలిస్తుంది.